కెల్మ్‌స్కాట్: థేమ్స్ ఒడ్డున ఒక చిన్న పారిష్

ఇంగ్లండ్‌లోని ఆక్స్‌ఫర్డ్‌షైర్ కౌంటీ నైరుతి మూలన, థేమ్స్ నది ఉత్తరపు ఒడ్డున ఉన్న పల్లె కెల్మ్‌స్కాట్. అదే పేరుతో పారిష్ కూడా ఉంది. పడమటి దిక్కున మూడు నాలుగు కిలోమీటర్లు పోతే లెచ్‌లేడ్ అనే చిన్న పట్నం వస్తుంది. నది అవతలి ఒడ్డు 1974 దాకా బెర్క్‌షైర్ కౌంటీ కింద ఉండేది. గ్లాస్టర్‌షైర్, విల్ట్‌షైర్ హద్దులు కూడా దగ్గర్లోనే ఉన్నాయి. ఊరి జనాభా రెండొందలకు అటూ ఇటూ. పెద్ద దారి ఏదీ ఊళ్ళోంచి పోదు. దక్షిణంగా వచ్చిన బాట నది దగ్గర ఆగిపోతుంది.

లోకానికి ఈ ఊరు తెలిసింది కవి, డిజైనర్, సోషలిస్టు విలియం మోరిస్ (1834-1896) వల్ల. ఆయన ఇక్కడ పాతికేళ్ళు ఒక ఇంటిని అద్దెకు ఉంచుకున్నాడు. ఆ అద్దెదారు కథే ఊరి చరిత్రగా చెలామణీ అవుతోంది. మోరిస్ చూసి మురిసిపోయిన పాతదనం ఆయన వచ్చే నాటికి ఎలా మిగిలి ఉందన్నది అంతకంటే ఆసక్తికరమైన ప్రశ్న. కెల్మ్‌స్కాట్‌ను ఎవరూ పనిగట్టుకుని కాపాడలేదు. పట్టించుకునేంత పెద్ద ఊరు కాకపోవడమే దాన్ని చాలాకాలం కాపాడింది.

శివారు పారిష్

పారిష్ మొదట చర్చి గీసిన హద్దు. ఒక చర్చి, ఒక గురువు, ఆ చర్చికి పంటలో పదోవంతు చెల్లించే భూములు కలిస్తే పారిష్ అయ్యేది. ఆ హద్దులోపలి వాళ్ళ బాప్తిస్మం, పెళ్ళి, సమాధి అక్కడే జరిగేవి. 1538 నుంచి ఈ మూడింటినీ రిజిస్టరులో రాయాలని ప్రభుత్వం గురువులను ఆదేశించింది. 1601 నాటి పేదల చట్టం బీదాబిక్కీని పోషించే భారాన్ని కూడా పారిష్ మీదే పెట్టింది. ఊళ్ళో కాస్త ఉన్నవాళ్ళ దగ్గర పన్ను వసూలు చేసి లేనివాళ్ళకు పంచే ఈ ఏర్పాటు వల్ల చర్చి హద్దు మెల్లమెల్లగా పరిపాలన హద్దుగా మారింది.

ఈ లెక్కన చూస్తే కెల్మ్‌స్కాట్ చాలా శతాబ్దాల పాటు పూర్తి పారిష్ కాదు. ఉత్తరాన సుమారు ఐదు కిలోమీటర్ల దూరంలో ఉన్న బ్రాడ్‌వెల్ పారిష్‌లో అదొక భాగం. మన రెవెన్యూ పరిభాషలో చెప్పాలంటే శివారు గ్రామం. 1086లో విలియం రాజు తయారు చేయించిన డూమ్స్‌డే భూముల లెక్కలో కెల్మ్‌స్కాట్ పేరు కనిపించదు, దాని భూములు బ్రాడ్‌వెల్ పద్దులోనే కలిసి ఉన్నాయి. ఎత్తైన శిఖరంతో పెద్ద చర్చి బ్రాడ్‌వెల్‌లో ఉంది. కెల్మ్‌స్కాట్‌లో ఉన్నది దానికి అనుబంధమైన ఉపచర్చి. పక్క ఊళ్ళు ఫిల్కిన్స్, హాల్‌వెల్ కూడా బ్రాడ్‌వెల్ కిందివే.

పేదల పన్నును విడిగా వేసుకునే శివార్లన్నిటినీ 1866లో పార్లమెంటు పౌర పారిష్‌లుగా గుర్తించింది. కెల్మ్‌స్కాట్‌కు చట్టం దృష్టిలో సొంత ఉనికి అలా వచ్చింది. 1894 స్థానిక పరిపాలన చట్టం 300 మందికి తగ్గని పల్లె పారిష్‌లకు ఎన్నికైన కౌన్సిల్ తప్పనిసరి చేసింది. అంతకంటే చిన్న ఊళ్ళకు ఓటర్లంతా కూర్చుని మాట్లాడుకునే సభ ఉంటే చాలు. కెల్మ్‌స్కాట్ ఈ రెండో కోవలోకి వస్తుంది.

నది, నేల

ఊరు నదికి ఎంత దగ్గరో అంత పల్లంలో ఉంది. థేమ్స్ ఇక్కడ ఇంకా చిన్న నది. లండన్‌లో కనిపించే వెడల్పు ఊహించుకుని వస్తే ఆశాభంగం తప్పదు. మెలికలు తిరుగుతూ నిదానంగా పారుతుంది. శీతకాలంలో ఒడ్డు దాటి పచ్చికబయళ్ళ మీద పరుచుకుంటుంది. ఆ వరద తెచ్చిన ఒండ్రు వల్ల గడ్డి ఏపుగా పెరుగుతుంది. పశువులకు చలికాలపు మేత కావాలి కాబట్టి, నది పక్క గడ్డినేలకు గోధుమ పొలంతో సమానంగా, కొన్నిసార్లు అంతకు మించి విలువ ఉండేది. జూన్, జులై గడ్డి కోతలు ఏడాదిలో పెద్ద సందడి.

ఊరి పొలాలు 18వ శతాబ్దం చివరి దాకా గట్లు, కంచెలు లేని ఉమ్మడి పొలాలు. ఒక్కో రైతుకు అక్కడో పట్టీ ఇక్కడో పట్టీ చొప్పున ఉండేది. కోతలయ్యాక అందరి పశువులూ కలిసి మేసేవి. 1799లో పార్లమెంటు చట్టం ప్రకారం ఈ పట్టీలను కలిపి కంచెలు వేసి పంచారు. ఇంగ్లండ్ అంతటా ఇదే జరిగింది. భూమి కొన్ని పెద్ద కమతాల చేతుల్లోకి చేరింది, ఉమ్మడి మేత హక్కు మీద ఒక ఆవునో నాలుగు బాతులనో పెంచుకుని బతికే బీదవాళ్ళు కూలీలయ్యారు. కెల్మ్‌స్కాట్‌లోనూ రెండు మూడు పెద్ద వ్యవసాయ కుటుంబాలు, వాళ్ళ దగ్గర పనిచేసే కూలీ కుటుంబాలు, మధ్యలో పెద్దగా ఎవరూ లేని సమాజం 19వ శతాబ్దంలో స్థిరపడింది. దీని ఫలితం ఒకటి గమనించాలి. ఊళ్ళోనే కాపురముండి చర్చినీ ఇళ్ళనూ తన అభిరుచి కొద్దీ మార్చేయగల గొప్ప జమీందారు ఇక్కడ లేడు.

ఇళ్ళన్నీ రాతివి. ఉత్తరాన కాట్స్‌వోల్డ్ గుట్టల నుంచి తెచ్చిన సున్నపురాయి అది. వాన పడితే బూడిదరంగు, ఎండ పడితే తేనెరంగు. కప్పుల మీద కూడా రాతి పెంకులే. చూరు దగ్గర వెడల్పాటి పెద్ద పెంకులు పరిచి, పైకి పోయేకొద్దీ చిన్నవి వాడి, కొప్పు దగ్గరకు వచ్చేసరికి అరచేయంత పెంకులతో ముగిస్తారు. పెద్ద పెంకుల బరువు గోడ మీద పడుతుంది, పైన దూలాల మీద భారం తగ్గుతుంది. గనిలో రాయి ఏ సైజులో విడితే ఆ సైజుకు చోటు దొరుకుతుంది కాబట్టి వృథా ఉండదు. దారుల పక్కన కొన్ని చోట్ల కంచెకు బదులు పలచటి రాతి పలకలను నిలువునా పాతారు. రాయి చవగ్గా, మనుషుల శ్రమ అంతకంటే చవగ్గా దొరికిన రోజుల గుర్తులవి.

1789లో థేమ్స్-సెవర్న్ కాలువ పూర్తయి లెచ్‌లేడ్ దగ్గర నదిని కలిసింది. పడమటి తీరపు రేవుల నుంచి లండన్ దాకా పడవ దారి ఏర్పడింది. ఆ వెంటనే సెయింట్ జాన్స్, బస్కాట్ దగ్గర తలుపుల లాకులు కట్టారు. కెల్మ్‌స్కాట్ ఎదుట ఉన్న ఈటన్ ఆనకట్ట మాత్రం పాతకాలపు పద్ధతిలోనే కొనసాగింది. నదికి అడ్డంగా నిలువు కొయ్యలు, వాటికి ఆనించిన చెక్క పలకలు, అంతే దాని నిర్మాణం. పడవ దిగువకు పోవాలంటే పలకలు ఒక్కొక్కటే పైకి లాగేవారు. ఆగిన నీళ్ళు ఒక్కసారిగా దూకేవి, పడవ ఆ దూకుడు మీదే జారిపోయేది. ఎగువకు రావాలంటే నీళ్ళ ఉధృతి తగ్గేదాకా కాచుకుని, తాళ్ళు కట్టి లాగాల్సిందే. పడవ మునిగే ప్రమాదమూ ఉండేది, పైన మిల్లులకు నీళ్ళు తగ్గి గొడవలూ అయ్యేవి. దాన్ని కాపలా కాసిన కుటుంబం పేరుతో హార్ట్స్ వియర్ అని కూడా అనేవారు. థేమ్స్ మీద ఇలాంటి ఆనకట్టల్లో ఆఖరిది ఇదే. 1930ల్లో దీన్ని తొలగించారు, ఇప్పుడు అక్కడ కాలినడక వంతెన ఉంది.

కాలువ వ్యాపారం ఎక్కువ కాలం నిలవలేదు. లెచ్‌లేడ్‌కు రైలు 1873లో వచ్చింది, 1962లో పోయింది. రెండూ కెల్మ్‌స్కాట్ పక్కనుంచి వెళ్ళాయే తప్ప ఊరిని మార్చలేదు.

సెయింట్ జార్జ్ చర్చి

ఊరికి పడమర వైపున్న సెయింట్ జార్జ్ చర్చి 12వ శతాబ్దం చివర్లో మొదలైన కట్టడం. తర్వాతి శతాబ్దంలో రెండు పక్కలా గదులు చేర్చగా అది శిలువ ఆకారం తీసుకుంది. గోపురం లేదు, కప్పు మీద గంటలు వేలాడదీసే చిన్న రాతి గూడు మాత్రం ఉంది. లోపల ఉత్తరపు నడవకు గుండ్రటి కమానులు, వాటి స్తంభాల తలలపై ఆకుల చెక్కడాలు ఉన్నాయి. ఉత్తరపు పక్కగదిలో కయీను, హేబెలు కథ చెప్పే మధ్యయుగపు కుడ్యచిత్రాలు ఇటుకరంగులో మసగ్గా మిగిలాయి. తూర్పు కిటికీ గాజులో 15వ శతాబ్దపు సెయింట్ జార్జ్ బొమ్మ ఉంది. ఇంత చిన్న కట్టడంలో నాలుగు శతాబ్దాల పనితనం పక్కపక్కనే కనిపించడం అరుదు.

విక్టోరియా రాణి కాలంలో ఇంగ్లండ్ పల్లె చర్చిల్లో అధిక భాగం పునరుద్ధరణ పేరుతో ముఖం మార్చుకున్నాయి. ఏదో ఒక ఆదర్శ శతాబ్దపు రూపం తెస్తామని మిగతా శతాబ్దాలను పీకేశారు, గోడల గారను గీకేసి, దానితోపాటు చిత్రాలనూ పోగొట్టారు. దీనికి డబ్బు కావాలి, పూనుకునే పెద్దమనిషి కావాలి. అనుబంధ చర్చిగా ఉండిపోయిన కెల్మ్‌స్కాట్‌కు ఆ రెండూ లేకపోవడం మేలైంది.

అద్దెదారు

ఊరికి తూర్పు కొసన, నదికి దగ్గర్లో ఉన్న పెద్ద ఇంటిని 1600 ప్రాంతంలో టర్నర్ అనే రైతు కుటుంబం కట్టించింది. 1665 ప్రాంతంలో ఈశాన్యం వైపు మరో భాగం చేర్చారు. దీన్ని కెల్మ్‌స్కాట్ మానర్ అంటారు. మానర్ అంటే జమీందారు భవంతి అని అర్థం వస్తుంది గానీ, ఇది సంపన్న రైతు ఇల్లు. ఆ గౌరవం 19వ శతాబ్దంలో తగిలించుకున్నదే.

1871 మే నెలలో మోరిస్ ఈ ఇంటిని చూశాడు. లండన్ పొగకు దూరంగా భార్య జేన్‌కూ, జెన్నీ, మే అనే ఇద్దరు కూతుళ్ళకూ వేసవి విడిది కావాలి. చిత్రకారుడు, కవి దాంతె గాబ్రియేల్ రోసెట్టీతో కలిసి ఉమ్మడిగా ఏడాదికి 60 పౌన్ల అద్దెకు తీసుకున్నాడు. రోసెట్టీకీ జేన్‌కూ మధ్య ప్రేమబంధం ఉండేది. మోరిస్ ఆ జులైలో ఇంటిని వాళ్ళకు వదిలి ఐస్‌లాండ్ ప్రయాణం కట్టాడు. రోసెట్టీ ఆ రోజుల్లో గీసిన ‘వాటర్ విల్లో’ చిత్రంలో జేన్ వెనక నది, ఇల్లు, చర్చి మూడూ కనిపిస్తాయి. చిత్రకళలోకి ఈ పారిష్ అడుగుపెట్టింది ఒక విఫల దాంపత్యం నేపథ్యంగా. 1874లో రోసెట్టీ వెళ్ళిపోయాడు, తర్వాతే మోరిస్ ఆ ఇంటిని మనసారా అనుభవించాడు.

ఊరు ఆయన పనిలోకి నేరుగా దిగింది. పెరట్లో స్ట్రాబెర్రీలు దొంగిలించే త్రష్ పిట్టలను చూసి 1883లో ‘స్ట్రాబెర్రీ థీఫ్’ అనే అద్దకం బట్ట రూపొందించాడు. ‘విల్లో బవ్’ గోడకాగితం (1887) వాగు పక్క విల్లో కొమ్మలది. ఎవెన్‌లోడ్, విండ్‌రష్, కెనెట్ వంటి థేమ్స్ ఉపనదుల పేర్లు బట్టల డిజైన్లకు పెట్టాడు.

తెలుగువాళ్ళకు ఈ బట్టలతో ఒక దూరపు చుట్టరికం ఉంది. ఇంగ్లండ్‌లో పూల అద్దకం సంప్రదాయమే 17వ శతాబ్దంలో మచిలీపట్నం, తక్కిన కోరమాండల్ తీరపు రేవుల నుంచి వెళ్ళిన కలంకారీ బట్టలను చూసి పుట్టింది. ‘స్ట్రాబెర్రీ థీఫ్’ చేసిన పద్ధతి కష్టమైనది. ముందు బట్టనంతా నీలిమందు తొట్టిలో ముంచి, తర్వాత బొమ్మకు కావలసిన చోట నీలాన్ని తొలగించి, అక్కడ ఎరుపు, పసుపు అద్దాలి. చవకైన రసాయన రంగులు మార్కెట్‌ను ముంచెత్తుతున్న కాలంలో మోరిస్ పట్టుబట్టి నీలిమందు వాడాడు. 1879లో చేసిన ఒక ఉపన్యాసంలో, బ్రిటిష్ పాలనా, వ్యాపారమూ కలిసి భారతదేశపు చేతిపనులను చంపుతున్నాయనీ, జైళ్ళలో చవక తివాచీలు నేయించి అసలు పనివాళ్ళ నోటి కూడు తీస్తున్నాయనీ సర్కారును తప్పుపట్టాడు. తన ఊరి రాతి పెంకుల గురించీ, భారతదేశపు నేతగాళ్ళ గురించీ ఆయన వాదన ఒకటే. పని తెలిసిన చేతిని తొలగించాక మిగిలేది చవక సరుకే.

ఈ ఆలోచనతోనే 1877లో పాత కట్టడాల రక్షణ సంఘాన్ని స్థాపించాడు. పక్కనున్న బర్‌ఫర్డ్ చర్చిలో జరిగిన గీకుడు పని ఆయన్ను కదిలించిన సంఘటనల్లో ఒకటి. నదికి ఎగువన కొంచెం దూరంలో ఉన్న ఇంగిల్‌షామ్ చర్చి 1880ల చివర్లో ఏమీ చెడకుండా మరమ్మతు పొందిందంటే ఆయన చలవే.

1890లో పత్రికలో సీరియల్‌గా రాసిన ‘న్యూస్ ఫ్రమ్ నోవేర్’ నవలలో డబ్బూ యజమానులూ లేని భవిష్యత్ ఇంగ్లండ్‌ను ఊహించాడు. కథానాయకుడు లండన్ నుంచి థేమ్స్ వెంట పడవలో వచ్చి ఈ ఊరికే చేరతాడు. గడ్డి కోతల విందు ఇక్కడి చర్చిలోనే జరుగుతుంది. మోరిస్ నిజ జీవితంలో 1880లో లండన్ హామర్‌స్మిత్ ఇంటి నుంచి ఇక్కడికి సుమారు 200 కిలోమీటర్లు పడవ ప్రయాణం చేశాడు, మరుసటేడు మళ్ళీ చేశాడు. 1891లో పెట్టిన కెల్మ్‌స్కాట్ ప్రెస్ హామర్‌స్మిత్‌లోనే నడిచింది, ఊళ్ళో కాదు. ప్రపంచ గ్రంథాలయాలు దాచుకునే ఆ పుస్తకాల మీద ఈ ఊరి పేరు ఉంది, అంతవరకే.

నవలలోని ఊరు కలలది. అసలు ఊళ్ళో కూలీలు తక్కువ జీతాలతో, తేమ పట్టిన ఇళ్ళలో బతికారు. మోరిస్‌కు ఇది తెలుసు. అయినా ఆయన ఇక్కడ వేసవి అతిథే.

1896 అక్టోబరు 3న మోరిస్ లండన్‌లో చనిపోయాడు. మూడు రోజుల తర్వాత శవపేటిక రైల్లో లెచ్‌లేడ్ వచ్చింది. అక్కడి నుంచి పసుపురంగు తొట్టి, ఎర్ర చక్రాలు ఉన్న పొలం బండిలో, విల్లో కొమ్మలు పరిచి, గాలివానలో ఊరికి తెచ్చారు. చర్చి అప్పటికే పంట పండుగకని ధాన్యపు వెన్నులతో, గుమ్మడికాయలతో అలంకరించి ఉంది. ప్రార్థన జరిపింది ఆయన చిన్ననాటి బడి స్నేహితుడు, పక్క ఊరు లిటిల్ ఫారింగ్డన్ గురువు ఫుల్‌ఫర్డ్ ఆడమ్స్. ఇంటి కప్పు ఆకారంలో ఉన్న సమాధి రాయిని మోరిస్ మిత్రుడు, వాస్తుశిల్పి ఫిలిప్ వెబ్ రూపొందించాడు. తర్వాత జేన్‌నూ, ఇద్దరు కూతుళ్ళనూ అక్కడే పూడ్చిపెట్టారు.

మే మోరిస్, తర్వాతి కాలం

ఊరికి నిజంగా చేసినవాళ్ళెవరని అడిగితే తండ్రి కంటే చిన్న కూతురు మే పేరు ముందు చెప్పాలి. జేన్ 1902లో వెబ్ చేత భర్త జ్ఞాపకార్థం ఊరి బాట పక్కన రెండు కూలీ ఇళ్ళు కట్టించింది. వాటి గోడ మీద చెట్టు కింద కూర్చున్న మోరిస్ బొమ్మ చెక్కి ఉంది. 1913లో ఇంటిని సొంతానికి కొని, మరుసటేడే కన్నుమూసింది. మే మాత్రం 1923 నుంచి ఇక్కడే స్థిరపడింది. ఎంబ్రాయిడరీలో ఆమె తన కాలపు పెద్ద కళాకారిణి. చేతిపనివాళ్ళ సంఘం ఆడవాళ్ళను చేర్చుకోకపోతే 1907లో మహిళలకు వేరే సంఘం పెట్టింది. తండ్రి రచనలను 24 సంపుటాలుగా అచ్చు వేయించింది. ఆమె చొరవతో కెల్మ్‌స్కాట్‌కు ఒక సభామందిరం వచ్చింది. నక్షా వాస్తుశిల్పి ఎర్నెస్ట్ గిమ్సన్‌ది. 1934లో దాన్ని నాటకకర్త బెర్నార్డ్ షా ప్రారంభించాడు, ప్రధాని రామ్సే మెక్‌డొనాల్డ్ కూడా ఆ సభకు వచ్చాడు. ఈ పారిష్ చరిత్రలో అంతటి జనసమూహం మరెప్పుడూ చేరి ఉండదు.

ఇదే కాలంలో హాబ్స్ కుటుంబం ఊళ్ళో పెద్ద రైతులు. మోరిస్‌కు ఇల్లు అద్దెకిచ్చింది వీళ్ళే. పాడికి పనికొచ్చే షార్ట్‌హార్న్ పశువుల పెంపకంలో వీళ్ళ మంద దేశమంతటా పేరు పొందింది. 20వ శతాబ్దం మొదట్లో పశువుల సంతలో కెల్మ్‌స్కాట్ అంటే పద్యాలు, బట్టలు కాదు, ఆవులే. ఊరి చరిత్రలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేయడం అన్యాయం.

మే 1938లో చనిపోతూ ఇంటిని ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి రాసిచ్చింది. ఏదీ మార్చకూడదన్న ఆమె షరతులతో విశ్వవిద్యాలయం వేగలేకపోయింది. 1962లో ఇల్లు పురావస్తు పండితుల సంస్థ సొసైటీ ఆఫ్ యాంటిక్వరీస్‌కు దక్కింది. అప్పటికి గోడలు, కప్పు బాగా దెబ్బతిని ఉన్నాయి. 1960ల్లో ఒకసారి, మళ్ళీ ఇటీవల ఒకసారి పెద్ద మరమ్మతులు చేసి, 2022లో సందర్శకులకు తిరిగి తెరిచారు.

వ్యవసాయం యంత్రాల పాలయ్యాక కూలీ కుటుంబాలు తగ్గిపోయాయి. వాళ్ళ రాతి ఇళ్ళు పట్నాల నుంచి వచ్చే ఉన్నవాళ్ళకు ప్రియమైన ఆస్తులయ్యాయి. చట్టాలు ఇప్పుడు ఆ ఇళ్ళను కాపాడుతున్నాయి, వాటిలో బతికినవాళ్ళను కాపాడే చట్టం మాత్రం రాలేదు. చర్చి నేడు అనేక పల్లెలను కలిపిన షిల్ వ్యాలీ అండ్ బ్రాడ్‌షైర్ గురుమండలంలో భాగం. సొంత గురువు లేడు, ఆరాధన వంతులవారీగా జరుగుతుంది. నది పొంగులు కూడా ఆగలేదు, 2007 జులైలో థేమ్స్ ఎగువ ప్రాంతమంతా మునిగింది.

మానర్‌కు టిక్కెట్టు ఉంది, తెరిచే రోజులు ముందే ప్రకటిస్తారు. అక్కడికి వెళ్ళే తెలుగువాళ్ళు ఆ ఇంటి దగ్గరే ఆగిపోకుండా ఊళ్ళోంచి చర్చి దాకా నడవాలి. సమాధి చూశాక లోపలికి వెళ్ళి ఉత్తరపు పక్కగది గోడ ముందు కాసేపు నిలబడండి. ఈ పారిష్ దగ్గరున్న అన్నిటికంటే పాత ఆస్తుల్లో ఒకటి అదే.